ఫోనుకు పాట పెట్టేముందు: రింగ్‌టోన్ మార్గాలలో ఏది ఎవరికి తగును?

"ఫోనుకు పాట పెట్టియ్యప్పా" అంటూ కడపలో ఎవరైనా తమ ఫోనును నా చేతికిచ్చినప్పుడు, ఆ పాట ఎవరికి వినిపించాలని నేను మొదట అడుగుతాను. ఈ ఒక్క మాటతో జనం రెండు వేరువేరు సంగతులను కోరుతుంటారు. మనకు కాల్ వచ్చినప్పుడు మన జేబులోనో బల్లమీదనో మోగేది రింగ్‌టోన్. మనకు కాల్ చేసినవారి చెవిలో, మనం ఎత్తేదాకా వినిపించేది కాలర్ ట్యూన్. మొదటిది మన ఫోనులో ఉంటుంది, రెండవది సిమ్ కంపెనీవారి నెట్‌వర్కులో ఉంటుంది. 2020 మార్చిలో ఎవరికి కాల్ చేసినా దగ్గు చప్పుడుతో మొదలైన కరోనా హెచ్చరికను గుర్తుచేస్తే ఈ తేడా ఎవరికైనా వెంటనే బోధపడుతుంది. ఆ హెచ్చరిక కాల్ చేసినవారికే వినిపించింది గాని, కాల్ అందుకోవలసినవారి ఫోనులో ఎన్నడూ మోగలేదు. ఈ సంగతి తేల్చుకోకుండా కాలర్ ట్యూన్‌కు డబ్బు కట్టి, తీరా తమ ఫోను పాత చప్పుడే చేస్తున్నదని బాధపడినవారిని నేను పలువురిని చూశాను.

కాలర్ ట్యూన్‌కు దాని ప్రయోజనం దానికి ఉంది. అందుకు స్మార్ట్‌ఫోను అక్కరలేదు, బటన్ల ఫోనులోనూ పనిచేస్తుంది. ఫోను మార్చినా సిమ్ మారనంతకాలం అలాగే ఉంటుంది. దుకాణం నడిపేవారు, రోజూ కొత్తవారి కాల్స్ అందుకొనేవారు దానిని కోరుకోవడంలో అర్థముంది. అయితే దానిని కొన్ని కంపెనీలు కొన్ని ప్లాన్లలో ఉచితంగా ఇస్తే, మరికొన్ని రుసుము తీసుకుంటాయి. మా పక్కింటి పెద్దాయన ఎప్పుడో పొరపాటున ఒక అంకె నొక్కినందుకు, ఆయన బ్యాలెన్సులో నుంచి నెలల తరబడి డబ్బు కోసుకుపోయింది. ఇటువంటి అదనపు సేవలను ఆపించుకోవడానికి 155223 అనే ఉచిత నంబరును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా నిర్దేశించిందన్న సంగతి ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. వయసు పైబడినవారు తరచుగా కాల్ చేసే ఇంటికి కాలర్ ట్యూన్ వద్దనే నా సలహా. మా జేజి, చెవిలో పాట వినబడగానే అవతలివారు ఎత్తారనుకొని మాట్లాడటం మొదలుపెట్టేది. వారు నిజంగా ఎత్తేసరికి చెప్పవలసినదంతా చెప్పేసి ఉండేది.

మన ఆండ్రాయిడ్ ఫోనులో మోగే చప్పుడునే మార్చుకోవాలనుకొనేవారి కోసం మిగిలినదంతా రాస్తున్నాను.

ఏ చప్పుడు పెట్టుకోవాలి?

ఎలా పెట్టాలన్న ప్రశ్నకన్నా ఏది పెట్టాలన్న ప్రశ్నకే ఎక్కువ ఆలోచన అవసరం. అందుకు ముందుగా తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. మన దేశంలో ఎవరూ ఎత్తని కాల్ ఎంతసేపు మోగాలన్నది 2019 నవంబరులో ట్రాయ్ నిర్ణయించింది. మొబైలుకు 30 సెకన్లు, ల్యాండ్‌లైనుకు 60 సెకన్లు. అంటే ఐదు నిమిషాల పాటను రింగ్‌టోన్‌గా పెట్టుకున్నా మనకు వినబడేది మొదటి అర నిమిషమే, అందులోనూ మనకు పనికొచ్చేవి మొదటి పది సెకన్లు. పాత సినిమా పాటలలో చాలావాటికి గొంతు మొదలయ్యేముందు నెమ్మదైన వాద్యసంగీతం ఉంటుంది. పద్యాల సంగతి ఇంకా కష్టం. మా వైపు పద్యనాటకాలమీద ప్రేమ ఉన్న పెద్దలు తరచుగా పద్యాన్నే కోరుకుంటారు. కాని రికార్డు హార్మోనియం శ్రుతితో మొదలై, రాగం సాగి, పద్యం ఎత్తుకొనేలోగా కాల్ కాస్తా ఆగిపోతుంది. పద్యం వద్దని నేను చెప్పను. రాగాన్ని వదిలి, పద్యంలో గొంతు పైకి లేచే పాదం నుంచి కత్తిరించి పెట్టుకోమంటాను.

రెండవ లెక్క ఫోను స్పీకరుది. గోరంత స్పీకరు లోతైన చప్పుళ్లను పలికించలేదు. మృదంగంలో ఎడమచేతి గుంకారం, సినిమా పాటలో అడుగున మోగే గిటారు, డోలు బరువు ఇవన్నీ హెడ్‌ఫోన్లలో ఎంత బాగా వినిపించినా ఫోను స్పీకరులో దాదాపు లేనట్టే. మనిషి చెవి రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్‌ల నడుమ ఉన్న చప్పుడును అన్నిటికన్నా సులభంగా పట్టుకుంటుంది. చిన్న స్పీకరుకూ ఆ ప్రాంతమే అనుకూలం. కాని వయసుతోపాటు చెవికి ముందుగా తగ్గేది బాగా సన్నని, ఎత్తైన చప్పుళ్లే. కొత్త ఫోన్లతో వచ్చే గాజుగంటల వంటి నాజూకు టోన్లు పెద్దవారికి వినబడకపోవడానికి ఇది ఒక కారణం. లోతైనది స్పీకరుకు చేతకాక, మరీ సన్ననిది పెద్దవారి చెవికి అందక పోతే మిగిలేది నడుమది. సన్నాయి, హార్మోనియం, క్లారినెట్, పాడే గొంతు, ఇత్తడి గంట ఆ నడుమ కిందికే వస్తాయి. అరవై దాటినవారికి నేను వీటిలోనుంచే ఎంచుతాను. ఎంత అందంగా ఉన్నా వేణువు ఆలాపనను ఎంచను, ఎందుకంటే ఆగకుండా సాగే నాదం ఫ్యాను చప్పుడులోనూ బస్సు చప్పుడులోనూ కలిసిపోతుంది; తెగి తెగి వచ్చే చప్పుడును చెవి గుర్తుపడుతుంది.

ఈ రెండు లెక్కలతో చూస్తే మన ముందున్నవి నాలుగు రకాల చప్పుళ్లు. ఫోనుతో వచ్చే టోన్లను చిన్నచూపు చూడనవసరం లేదు. వాటిని చిన్న స్పీకరుకు అనువుగానే తయారుచేస్తారు, తొలి క్షణం నుంచే వినిపిస్తాయి, ఏ ఫైలు చెరిగిపోయినా అవి పోవు. వాటితో చిక్కల్లా అందరికీ అవే ఉండటం. ఏడు రోడ్ల కూడలిలోని ఏ టీ బంకు దగ్గరైనా ఒక ఫోను మోగితే నలుగురు జేబులు తడుముకోవడం మనకు తెలిసినదే. పెట్టెలో వచ్చినప్పటి టోన్‌ను వదిలి, అదే జాబితాలో కింద ఎక్కడో ఉన్న పదిహేనవదో ఇరవయ్యవదో పెట్టుకుంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. అందుకు డౌన్‌లోడ్ అక్కరలేదు, యాప్ అక్కరలేదు, అర నిమిషం పని.

రెండవది మన దగ్గరున్న పాట. పైన చెప్పినట్టు కత్తిరించి పెట్టుకుంటే ఇది అందరికీ నచ్చే మార్గం. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. పాటలు వినే యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాట ఆ యాప్ లోపల మాత్రమే వినబడేలా తాళం వేసి ఉంటుంది గనుక, అది రింగ్‌టోన్ జాబితాలో కనబడదు. ఫోను చెడిపోయిందని కంగారుపడనక్కరలేదు. రింగ్‌టోన్‌కు కావలసినది మామూలు ఎంపీత్రీ, ఎం4ఏ, ఓజీజీ వంటి ఫైలు.

మూడవది మనమే రికార్డు చేసుకున్న చప్పుడు. నా మట్టుకు నాకు ఇష్టమైనది ఇదే, జనం అసలు తలచుకోనిదీ ఇదే. దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ రికార్డర్ ఉంటుంది. మనవరాలు "తాతా, ఫోనెత్తు" అని పిలిచిన పిలుపు, ఇంటి గుడిలో గంట, అమ్మ పాడిన మేలుకొలుపు, ఇవేవీ మరొకరి ఫోనులో ఉండవు, ఎవరి హక్కుకూ భంగం కలిగించవు. రికార్డు చేసేటప్పుడు ఫోనును నోటికి ఒక అడుగు దూరంలో పట్టుకోవాలి, ఫ్యాను ఆపాలి, మిద్దెమీద గాలిలో చేయరాదు, ఎందుకంటే గాలి మైకును తాకితే వచ్చే బుసబుసను తరువాత తీసివేయడం కష్టం. మాట మొదలయ్యేముందున్న నిశ్శబ్దాన్ని మాత్రం తప్పక కత్తిరించాలి. పిల్లల గొంతు పెద్దవారి గొంతుకన్నా సన్ననిది గనుక, తక్కువ ధర ఫోనులో సైతం స్పష్టంగా వినిపిస్తుంది.

నాలుగవది కాల్ చేసినవారి పేరును ఫోనే చదవడం. ఇది రింగ్‌టోన్‌తోపాటు వినబడే ఏర్పాటు. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ అనౌన్స్‌మెంట్ అనే పేరుతో ఉంటుంది, శాంసంగ్ ఫోన్లలోనూ పేర్లు చదివే సదుపాయం ఉంది. చూపు తగ్గినవారికి, చేతులు ఖాళీ లేనివారికి ఎంతో మేలు. అయితే బస్సులో కూర్చున్నప్పుడు మనకు ఎవరు కాల్ చేస్తున్నారో అందరికీ తెలిసిపోతుంది, పేర్లను పొట్టి అక్షరాలలో దాచుకున్నవారికి ఫోను చదివేది అర్థం కాదు.

ఏ దారిలో పెట్టాలి?

సెట్టింగ్స్ ద్వారా పెట్టడం, ఫోల్డరులో వేయడం, పాటలు వినే యాప్ నుంచి పెట్టడం, రింగ్‌టోన్ కోసమే తయారైన యాప్‌ను దింపుకోవడం అనే నాలుగు దారులలో, మొదటి రెండూ కలిపి వాడటమే నేను చెప్పగల ఉత్తమమైన పద్ధతి. కారణాలు చెబుతాను.

సెట్టింగ్స్ దారి అన్నిటికన్నా తిన్ననిది. సెట్టింగ్స్ తెరిచి, స్పీకరు బొమ్మ ఉన్న సౌండ్ విభాగంలోకి వెళ్లి, రింగ్‌టోన్ అనే వరుసను నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. ఆ తరువాత మాటలే ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉంటాయి. శాంసంగ్ ఫోన్లలో పై మూల కూడిక గుర్తు ఉంటుంది. దానిని నొక్కితే ఫోనులోని పాటలు కనబడతాయి. పాటలో ముఖ్యమైన భాగం నుంచే మోగించే హైలైట్స్ ఓన్లీ అనే ఎంపిక కూడా అక్కడ ఉంటుంది గనుక, కత్తిరించడం రానివారికి అది అక్కరకొస్తుంది. రెడ్‌మీ, పోకో ఫోన్లలో ఫోనులోని ఫైలును ఎంచుకొనేందుకు లోకల్ రింగ్‌టోన్ అనే వరుస ఉంటుంది. పిక్సెల్‌లో మై సౌండ్స్ అనే విభాగంలో కూడిక గుర్తుతో చేర్చుకోవాలి. ఫోను భాషను తెలుగులో పెట్టుకున్నవారికి ఈ పేర్లు తెలుగులో కనబడతాయి, కాని స్పీకరు బొమ్మ, కూడిక గుర్తు మారవు.

ఫోల్డరు దారి పాతది, గట్టిది. ఆండ్రాయిడ్ ఫోను నిల్వలో రింగ్‌టోన్స్, నోటిఫికేషన్స్, అలారమ్స్ అనే పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. కంప్యూటరుకు తీగతో కలిపిగాని, ఫోనులోని ఫైల్ మేనేజరుతోగాని మన పాటను రింగ్‌టోన్స్ ఫోల్డరులో వేస్తే, అది ఫోనుతో వచ్చిన టోన్ల పక్కనే జాబితాలో కనబడుతుంది. వెంటనే కనబడకపోతే ఫోనును ఒకసారి ఆపి తిరిగి వేస్తే సరిపోతుంది. ఈ దారివల్ల కలిగే అసలు ప్రయోజనం తరువాతి నెలలలో తెలుస్తుంది. పాటను డౌన్‌లోడ్స్‌లోనో వాట్సాప్ ఆడియోల నడుమనో వదిలి అక్కడినుంచే రింగ్‌టోన్‌గా పెట్టుకున్నవారు, నిల్వ నిండిందన్న హెచ్చరిక వచ్చినరోజు ఆ ఫోల్డర్లన్నీ ఊడ్చి పారేస్తారు. పాటతోపాటు రింగ్‌టోన్ కూడా పోయి, ఫోను తన పాత చప్పుడుకు మళ్లుతుంది. మెమరీ కార్డులో పెట్టిన పాటకూ ఇదే గతి, కార్డు తీసినరోజు పాట ఉండదు. రింగ్‌టోన్స్ ఫోల్డరులో ఉన్నదాని జోలికి మాత్రం సాధారణంగా ఎవరూ పోరు. అందుకే ఫైలును ముందు ఆ ఫోల్డరులోకి చేర్చి, తరువాత సెట్టింగ్స్‌లో ఎంచుకోమని అంటున్నాను.

పాటలు వినే యాప్ నుంచి పెట్టడం వేగమైన పని. ఉదాహరణకు వీఎల్‌సీలో పాట పక్కనున్న మూడు చుక్కలను నొక్కితే రింగ్‌టోన్‌గా పెట్టమనే వరుస వస్తుంది. మొదటిసారి, సిస్టమ్ సెట్టింగ్స్ మార్చడానికి అనుమతి ఇమ్మని ఫోను అడుగుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ అనుమతిని మనం ప్రత్యేకంగా ఇవ్వవలసి ఉంటుంది గనుక భయపడనవసరం లేదు. కాని పాట ఉన్నచోటనే ఉండిపోతుంది, కత్తిరింపు ఉండదు.

ఇక రింగ్‌టోన్ యాప్‌లు. వీటిలో రెండు జాతులున్నాయి. మన దగ్గరున్న పాటను కత్తిరించి పెట్టేవి ఒకటి, తమ దగ్గరున్న వేల టోన్లను దింపుకోమనేవి మరొకటి. కత్తిరించే యాప్‌ను ఒకసారి దింపుకొని, పని కాగానే తీసివేయడంలో తప్పులేదు. కత్తిరించిన ముక్క ఫోనులోనే మిగులుతుంది. టోన్లు పంచే యాప్‌ల విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దనే చెబుతాను. మా బంధువుల ఇంట్లో ఒకరు పేరులతో పిలిచే రింగ్‌టోన్ కావాలని అటువంటి యాప్ ఒకటి దింపుకున్నారు. ఆనాటినుంచి ఫోను తాళం తీసినప్పుడల్లా ప్రకటన, ఒక్కోసారి కాల్ మాట్లాడి పెట్టేయగానే నిండు తెరమీద ప్రకటన. అది చూసి ఫోనే పాడైందనుకొని కొత్తది కొనబోయారు. యాప్ అడిగే అనుమతులనుబట్టి దాని నడత తెలుస్తుంది. రింగ్‌టోన్ పెట్టడానికి సిస్టమ్ సెట్టింగ్స్ అనుమతి, పాటలను చూడటానికి అనుమతి చాలు. ఒక్కొక్కరికి వేరు టోన్ పెట్టాలంటే కాంటాక్ట్స్ అనుమతి అవసరపడవచ్చు. మనం ఎక్కడున్నామో, మనకు ఏ మెసేజీలు వచ్చాయో తెలుసుకోవలసిన పని రింగ్‌టోన్‌కు లేదు. వాటిని అడిగిన యాప్‌ను అప్పుడే తీసివేయాలి.

కత్తిరించేటప్పుడు ఇరవై, ఇరవైఐదు సెకన్ల ముక్క చాలు. ఎవరూ ఎత్తకపోతే ఫోను దానిని మళ్లీ మొదటినుంచి మోగిస్తుంది. ఫైలు సైజు గురించి ఆందోళన వద్దు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో అర నిమిషం సుమారు 480 కిలోబైట్లే. అదే అర నిమిషం సీడీ నాణ్యతతో కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా ఉంటే 5 మెగాబైట్లు దాటుతుంది, అయినా ఫోను స్పీకరులో ఆ రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం.

అందరికీ ఒకటేనా, మనిషికొకటా?

నా అనుభవంలో రింగ్‌టోన్ మార్పిడివల్ల నిజమైన మేలు కలిగేది ఇక్కడే. ఫోను మోగగానే తెర చూడకుండా ఎవరో తెలియాలంటే, మన ముందు మూడు దారులున్నాయి.

శాంసంగ్, వివో వంటి కొన్ని కంపెనీల ఫోన్లలో ఒక్కో సిమ్‌కు ఒక్కో రింగ్‌టోన్ పెట్టుకోవచ్చు. ఇంటివారికి ఒక నంబరు, వ్యాపారానికి ఒక నంబరు వాడేవారికి ఇది చాలు, మరేమీ అక్కరలేదు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టుకున్న స్నేహితుడికి నేను పెట్టి ఇచ్చినది ఇదే. అంగడి సిమ్‌కు ఫోనుతో వచ్చిన మామూలు టోన్, ఇంటి సిమ్‌కు ఆయన కూతురి గొంతు.

ఒకే సిమ్ ఉన్నవారికి మనిషికొక టోన్ పెట్టే దారి తగినది. కాంటాక్ట్స్‌లో ఆ పేరును తెరిచి, మూడు చుక్కలలోగాని సవరించే పేజీలోగాని రింగ్‌టోన్ అనే వరుసను వెతకాలి. ఇలా పెట్టిన టోన్, సిమ్‌కు పెట్టినదానికన్నా పైచేయిగా పనిచేస్తుంది. ఆ వరుస కనబడకపోతే, ఆ నంబరు ఫోనులో కాక సిమ్‌లో దాచి ఉన్నదేమో చూడాలి. సిమ్‌లో దాచిన పేరుకు రింగ్‌టోన్ జోడించే చోటు ఉండదు; ఆ పేరును ఫోనులోకి గాని గూగుల్ ఖాతాలోకి గాని మార్చుకుంటే కనబడుతుంది. ఇక్కడ ఒక హద్దు పాటించాలని నా మనవి. ముగ్గురికో నలుగురికో మించి వేరు టోన్లు పెట్టుకుంటే ఏది ఎవరిదో మనకే గుర్తుండదు. పైగా పేర్లు, నంబర్లు గూగుల్ ఖాతా ద్వారా కొత్త ఫోనుకు వచ్చినా, వారికి పెట్టిన రింగ్‌టోన్లు రాకపోవచ్చు. ఫోను మార్చినప్పుడల్లా ఆ పని మళ్లీ చేసుకోవలసి రావచ్చు. ఫోనును ఆపి తిరిగి వేసినప్పుడు ఒకసారి తాళం తీసేదాకా ఫోనుకు పేర్లు అందుబాటులో ఉండవు గనుక, అప్పటివరకు అందరికీ మామూలు టోనే మోగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మా చిన్నాయనకు పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. బోరు మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టరులో ఒక సిమ్ ఉంటుంది; కరెంటు వచ్చినా పోయినా అది ఆయన ఫోనుకు కాల్ చేస్తుంది. చీనీ ధర చెప్పే మండీవారి కాల్, ఇంటి కాల్, మోటారు కాల్ ఒకే రకంగా మోగుతుంటే, చేతులకు మట్టి ఉన్నప్పుడు ప్రతిసారీ ఫోను తీసి చూడవలసి వచ్చేది. స్టార్టరు నంబరును "మోటారు" అనే పేరుతో దాచి, దానికి ఇత్తడి గంట చప్పుడు పెట్టాము. మండీవారికి ఫోనుతో వచ్చిన టోన్, చిన్నమ్మకు ఆమె గొంతే. ఇప్పుడు గంట మోగితే ఆయన ఫోను తీయకుండానే తోటలో నీళ్లు మళ్లించడానికి నడుస్తారు.

మూడవ దారి వాట్సాప్‌ది. మన జిల్లాలో దీనిని విడిగా చెప్పి తీరాలి, ఎందుకంటే కువైట్‌లో పనిచేసే కొడుకులు, భర్తలు ఉన్న ఇళ్లు ఇక్కడ లెక్కలేనన్ని. వారు చేసే కాల్స్ ఎక్కువగా వాట్సాప్‌లోనో అటువంటి మరో యాప్‌లోనో వస్తాయి. కాంటాక్ట్స్‌లో పెట్టిన రింగ్‌టోన్ మామూలు కాల్స్‌కు మాత్రమే వర్తిస్తుంది. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అక్కడ పని ముగించుకొని రాత్రి 9 గంటలకు కొడుకు కాల్ చేస్తే ఇక్కడ 11:30 అవుతుంది. మా మేనత్త తన కొడుకుకు ప్రత్యేకమైన టోన్ పెట్టించుకొని కూడా ఆ కాల్స్ అందక బాధపడుతుంటే, చూసిన తరువాత తెలిసింది: టోన్ పెట్టినది కాంటాక్ట్స్‌లో, కాల్ వస్తున్నది వాట్సాప్‌లో. వాట్సాప్‌లో ఆ మనిషి పేరును నొక్కి, వివరాల పేజీలోని నోటిఫికేషన్స్ విభాగంలో కాల్స్‌కు వేరే రింగ్‌టోన్ ఎంచుకోవచ్చు. అక్కడే మెసేజీలకు వేరే చప్పుడు కూడా ఉంటుంది. రెండూ ఒకటి కాదని గమనించాలి. రాత్రిళ్లు ఫోనును, చప్పుళ్లను ఆపి ఉంచే డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టి పడుకొనేవారు, ఏ కాంటాక్టుల కాల్స్ మోగవచ్చునో అందులోనే ఎంచుకోవచ్చు; అలాగే ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాలలో రెండవసారి వచ్చిన కాల్‌ను మోగనిచ్చే ఎంపికా ఉంటుంది. ఒంటరిగా ఉండే పెద్దవారి ఫోనులో దానిని వేసి ఉంచడం మంచిది.

పెట్టిన తరువాత చూసుకోవలసినవి

"పాట పెట్టినా వినబడలేదు" అని ఫోను తిరిగి తెచ్చినవారిలో ఎక్కువమంది విషయంలో తప్పు రింగ్‌టోన్‌ది కాదు, వాల్యూముది. రింగ్ వాల్యూమ్, పాటల వాల్యూమ్ రెండూ వేరు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి చాలా ఫోన్లలో పక్క బటన్ నొక్కితే పెరిగేది పాటల వాల్యూమే. రింగ్ వాల్యూమ్ పెంచాలంటే బటన్ నొక్కినప్పుడు తెరమీద కనబడే గీత పక్కనో కిందనో ఉన్న చుక్కలనో గుర్తునో నొక్కి గంట బొమ్మ ఉన్న గీతను పైకి జరపాలి, లేదా సెట్టింగ్స్‌లో సౌండ్‌కు వెళ్లాలి. కొన్ని ఫోన్లలో చప్పుడు మెల్లగా మొదలై క్రమంగా పెరిగే ఏర్పాటు ఉంటుంది. ఆసుపత్రిలోనో ఆఫీసులోనో పనిచేసేవారికి అది మర్యాదైనదే గాని, ఉన్న 30 సెకన్లలో కొన్నింటిని అది తినేస్తుంది. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారికి దానిని తీసివేయమని చెబుతాను. అటువంటి చోట ఏ రింగ్‌టోన్‌నూ ఒంటరిగా నమ్మరాదు, వైబ్రేషన్ తప్పక కలిపి ఉంచాలి.

చివరగా, పెట్టిన వెంటనే మరో ఫోను నుంచి కాల్ చేసి, ఎత్తకుండా చివరిదాకా మోగనిచ్చి వినాలి. చేతిలో పట్టుకొని కాదు, ఆ ఫోను రోజూ ఎక్కడ ఉంటుందో అక్కడే ఉంచి వినాలి. హ్యాండ్‌బ్యాగులో ఉండేదైతే బ్యాగులో, దిండు పక్కన ఉండేదైతే అక్కడ. చిన్నాయన ఫోనును మేము మోటారు గది దగ్గరే పరీక్షించాము. చొక్కా జేబులో ఉన్నప్పుడు గంట చప్పుడు సగానికి సగం తగ్గిపోయింది. చాలా ఫోన్లలో స్పీకరు రంధ్రాలు కింది అంచున ఉంటాయి, ఫోను నిలువుగా జేబులోకి దిగగానే అవి జేబు అడుగున గుడ్డకు ఆనుకుంటాయి. ఫోనును తలకిందులుగా పెట్టి మళ్లీ కాల్ చేశాను; మోటారు తిరుగుతుండగానే, ఇరవై అడుగుల దూరంలో పాదు సరిచేస్తున్న ఆయన తల తిప్పి చూశారు.